ఐసు కోసం నేను చేసిన ప్రార్థన

అయ్యగారికీ, సంఘ పెద్దలకీ, సహోదరీ సహోదరులందరికీ యేసయ్య నామంలో వందనాలండి. నాకు మైకు కొత్తండి, చేపల కాటా దగ్గర అరిచి అరిచి గొంతు ఇలా అయిపోయింది, కొంచెం పెద్దగా వినపడితే ఏమీ అనుకోకండి. మాది ఆకివీడు పక్కన. పదహారో ఏట నుంచీ చెరువుల మీద పట్టిన బొచ్చె, శీలావతి చేపలు థర్మోకోలు పెట్టెల్లో సర్ది, ఐసు వేసి, లారీ ఎక్కించడమే నా పని.

మా పెద్దమ్మాయి దీవెనకి ఆరో నెల వచ్చేసరికి ఒళ్ళంతా పాలిపోయి, పాలు తాగడానిక్కూడా ఓపిక లేకుండా అయిపోతే ఏలూరు తీసుకెళ్ళామండి. తలసేమియా అన్నారు. దాని ఒంట్లో రక్తం సరిగా తయారవదట, నాకూ మా ఆవిడ సునీతకీ పైకి తెలియకుండా చెరో సగం ఉన్న లోపం పిల్లకి పూర్తిగా వచ్చిందట. అక్కణ్ణుంచీ మూడు వారాలకోసారి ఏలూరు వెళ్ళడం, రక్తం ఎక్కించుకుని రావడం, మళ్ళీ మొహంలో రంగు తగ్గగానే బయల్దేరడం, ఇదే మా బతుకు. నరం దొరక్క సిస్టరుగారు వెతుకుతుంటే పిల్ల కాళ్ళు నేనే పట్టుకునేవాణ్ణి. నాలుగేళ్ళు వచ్చేసరికి అదే చెప్పేదండి, ఈ చెయ్యి కాదు సిస్టర్, పోయినసారి దీనికే పొడిచారు, ఆ చెయ్యి చూడండి అని. సహోదరులారా, ఆ మాట విన్న రోజు నేను దేవుడితో మాట్లాడడం మానేశాను! ఆదివారం సునీతనీ పిల్లనీ మందిరం గేటు దగ్గర దింపేసి, ఎదురుగా టీ కొట్లో కూర్చుని, ఆరాధన అయ్యేదాకా చేపల రేట్ల గురించి మాట్లాడేవాణ్ణి.

అలా రెండేళ్ళు పోయాక సునీతకి మళ్ళీ నెల తప్పింది. సంతోషించాలో భయపడాలో తెలియలేదండి. మూడో నెలలో పరీక్ష చేసి, ఈ బిడ్డకి ఆ జబ్బు లేదన్నారు, స్తోత్రం! అప్పుడు విజయవాడలో పెద్ద డాక్టరమ్మగారు ఇంకో మాట చెప్పారు. కాన్పప్పుడు బొడ్డుతాడు కోశాక అందులో మిగిలే రక్తాన్ని మనం పారేస్తామట, కానీ కొత్త రక్తాన్ని పుట్టించే మూలకణాలు అందులోనే ఉంటాయట, దాన్ని జాగ్రత్తగా దాచి, అక్కకి సరిపోతే, దాంతో వైద్యం చెయ్యొచ్చన్నారు. దీవెన పుట్టినప్పుడు దాని బొడ్డుతాడు రక్తమే దాచి ఉన్నా దీనికి పనికొచ్చేది కాదట, అందులోనూ అదే లోపం కదా. తోబుట్టువులదైనా చాలామందికి సరిపోదు, నేను మాట ఇవ్వలేను అని కూడా చెప్పారు. ఆ రక్తం దాచే బ్యాంకు వాళ్ళు ఒక పెట్టె పంపించి, ఇంగ్లీషులో ఒక కాగితం పెట్టారు. కాగితం నేను చదవలేదండి. పెట్టె తెరిచి చూశాను, లోపల థర్మోకోలు ఉంది, ఇంకేముంది, నాకంతా తెలిసిపోయిందనుకున్నాను! రోజూ వంద థర్మోకోలు పెట్టెలు కట్టేవాడికి ఇంకొకరు చెప్పేదేముంది?

కాన్పు తాడేపల్లిగూడెంలో, మా అత్తగారి ఊళ్ళో. మే నెల, మిట్టమధ్యాహ్నం బాబు పుట్టాడు. రక్తం సంచిలోకి తీసి పెట్టెలో పెట్టించి, బ్యాంకు మనిషి వచ్చేదాకా ఈ గదిలో ఇలాగే ఉంచండి అని డాక్టరుగారు మా అత్తగారికి చెప్పి వెళ్ళారు. ఆ మనిషేమో హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయానని ఫోను. ఇక నాకు కాలు నిలవలేదండి. చేప కడుపులో ఉండే గుడ్లు, అదే జన, ఎండకి ఎంతసేపట్లో చెడిపోతుందో నాకు తెలుసు, మరి పసిబిడ్డ రక్తం ఐసు లేకుండా నిలుస్తుందా? ఇలాగే ఉంచమన్నారు అల్లుడుగారూ అని అత్తగారు అంటూనే ఉన్నారు, ఐసు సంగతి మీకేం తెలుసండీ అని బండి తీశాను.

మొదటి ఐసు ఫ్యాక్టరీలో కరెంటు లేదు. రెండోదాంట్లో ఉన్నదంతా పొద్దున్నే చెరువుల మీదకి వెళ్ళిపోయింది. చేపల మార్కెట్లో అడిగితే ట్రేల్లో కరిగిన నీళ్ళు చూపించారు. ఇన్నేళ్ళు ఐసులో చేతులు పెట్టి బతికినవాడికి బుట్టెడు ఐసు పుట్టలేదు చూడండి! ఉల్లిపాయల మార్కెట్ దగ్గర బండి ఆపి, ఎండలో నిలబడి, అంతకాలం తర్వాత నోరు తెరిచాను.

"ప్రభువా, నీ మీద కోపంగా ఉన్నాను, ఆ సంగతి నీకూ తెలుసు. నా కోసం అడగట్లేదు. దీవెన కోసం ఒక్క బుట్టెడు ఐసు ఇప్పించు తండ్రీ."

ఇప్పించలేదు! ఇంత చిన్నది ఇవ్వనివాడివి ఇంకేం ఇస్తావులే అని గొణుక్కుంటూ, కళ్ళు తుడుచుకుంటూ ఆసుపత్రికి వచ్చాను. బ్యాంకు మనిషి అప్పటికే వచ్చి పెట్టె సరిచూసుకుంటున్నాడు. ఐసు దొరకలేదు బాబూ, పాడైపోయిందా అని చేతులు జోడించాను. ఆయన పని ఆపి నా మొహంలోకి చూశాడు.

"ఐసు పెట్టుంటే పాడైపోయేదండి. ఐసు తగిలితే ఇందులో కణాలు చచ్చిపోతాయి. కాగితంలో రాశాం కదండీ."

సహోదరులారా, నేను చేసిన పని చూడండి! నా బిడ్డకున్న ఒక్క ఆశనీ నా చేత్తోనే చంపేద్దామని ఊరంతా తిరిగాను, దానికి సాయం చెయ్యమని దేవుణ్ణి కూడా పిలిచాను. ఆయన వినలేదనుకున్నాను, ఆయన విన్నాడు గనకే ఇవ్వలేదు! మా అత్తగారు ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు నా వంక చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి, నాకూ నవ్వే వస్తుంది.

పరీక్ష చేస్తే తమ్ముడి రక్తం అక్కకి పూర్తిగా సరిపోయింది. బాబు బెన్నీకి రెండేళ్ళు నిండాక, దాచిన రక్తానికి వాడి ఎముకల్లోంచి తీసిన మూలుగ కూడా కొంచెం కలిపి దీవెనకి ఎక్కించారు. ఆసుపత్రిలో ఆ నెలన్నర తేలిగ్గా గడవలేదండి, ముందుగా ఇచ్చిన ఘాటు మందులకి పిల్ల జుట్టంతా రాలింది, నోరు పూసి మంచినీళ్ళు కూడా మింగలేకపోయింది, మేం అద్దం ఇవతల నిలబడి చూస్తూ ఉండేవాళ్ళం. మీరందరూ వంతులు వేసుకుని ఉపవాసం ఉన్నారు, మీ రుణం తీర్చలేను. రక్తం ఎక్కించకుండా ఏడాదిన్నర దాటిందండి ఇప్పటికి!

అందరికీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. డాక్టర్లని అడగండి, ఇచ్చిన కాగితం చదవండి. కానీ అడిగింది ఇవ్వలేదని ఆయన మీద అలిగినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఆయన చెయ్యి మాత్రం వదలకండి, ఎందుకు ఇవ్వలేదో ఆయనకి తెలుసు.

ఈ వైద్యం తర్వాత అక్క బ్లడ్ గ్రూపు తమ్ముడి గ్రూపులోకి మారిపోతుందటండి. పోయిన వారం దీవెన ఐడీ కార్డు మార్పించడానికి బడికి వెళ్తే, బ్లడ్ గ్రూపు ఎక్కడైనా మారుతుందా అండీ, అప్పుడు మీరు తప్పు రాయించుంటారు అన్నారు క్లర్కుగారు. నేను నోరు తెరిచేలోపే దీవెన చెప్పింది.

"తప్పు కాదు సార్. అప్పుడు నా రక్తం, ఇప్పుడు మా తమ్ముడిది."

ఆయన పాతది కొట్టేసి, ఓ పాజిటివ్ అని రాసిచ్చారు. ఆ కార్డు దాని మెడలోనే ఉందండి, ముందు వరసలో కూర్చుంది, ప్రార్థన అయ్యాక వచ్చి చూడండి. దేవునికే మహిమ!