బండి నోటికి బొట్టు

మా అత్తమ్మకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆమె నోట మాత్రం ఆ మాట ఎన్నడూ రాదు, "ఛార్జింగ్" అంటుంది. "రేపు నాకు ఛార్జింగ్ ఉంది బిడ్డా, జల్ది లేపు" అని చెప్పి పడుకుంటుంది. మొదట్లో నేను నవ్వేదాన్ని. తర్వాత ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయింది.

మా ఇల్లు నాచారంలో, ఆసుపత్రి కొత్తపేటలో. ఉప్పల్ మీదుగా పోవాలి. పోయేటప్పుడు ఎట్లాగో పోతాం, వచ్చేటప్పుడే అసలు కష్టం. మిషన్ మీంచి లేచిన మనిషికి పాత కారులో పెట్రోల్ వాసన పడేది కాదు. నాగోలు దాటకముందే కడుపులో తిప్పేది. నిమ్మకాయ గీరి ముక్కు దగ్గర పెట్టుకున్నా లాభం ఉండేది కాదు. రైల్వేలో పనిచేసే మా ఆయన ఇది చూసి చూసి, ఒకరోజు మౌలాలి నుంచి డ్యూటీ దిగి వస్తూనే, పెట్రోల్ బండి ఇచ్చేసి కరెంటు బండి తెస్తున్నామని చెప్పాడు. నాకు ఇష్టం లేదు. కొత్త వస్తువంటే ఆయనకెంత తొందరో నాకంత అనుమానం. పైగా నడపాల్సింది నేను. ఆయన డ్యూటీ ఏ పూట పడుతుందో ఆయనకే తెలియదు.

"అమ్మకు వాసన రాదు, కుదుపు రాదు. ఇంకేం గావాలె నీకు?" అన్నాడు.

సరే, తెమ్మన్నాను.

శనివారం బండి వచ్చింది. ఆదివారం యాదగిరిగుట్టకు తీసుకుపోయి పూజ చేయించాం. మా వైపు కొత్త బండి కొన్నవాళ్లు చాలామంది చేసేదే అది. ఎండలో తిరిగి, పులిహోర తిని, దాహం ఆగక అత్తమ్మ తాగాల్సిన దానికన్నా ఎక్కువ నీళ్లు తాగింది. శుక్రవారం డయాలిసిస్ అయితే మళ్లీ సోమవారమే. ఆ మధ్యలో ఒంట్లో చేరిన నీళ్లకు బయటికి పోయే దారి ఉండదు. సాయంత్రానికే పాదాలు ఉబ్బాయి. ఇంటికి రాగానే మా ఆయన కింద చీకటి పార్కింగ్‌లో బండికి వైరు తగిలించి, ఛార్జింగ్ ఎక్కుతుందా లేదా అని కూడా చూడకుండా పైకొచ్చేశాడు. ఫోనుకు పెట్టినట్టు పెట్టేస్తే పొద్దున్నకు నిండుతుందని ఆయన ధీమా. తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున అత్తమ్మను మెల్లగా లిఫ్టు దింపి ముందు సీట్లో కూర్చోబెట్టాను. వైరు తీసి, బండి ఆన్ చేస్తే తొమ్మిది శాతం చూపించింది. ముందురోజు వదిలినప్పుడు ఎంతుందో అంతే.

"ఏంది బిడ్డా... కదుల్తలేవు?"

"ఏం లేదత్తమ్మా, పోతున్నం."

ఆమెకు ఊపిరి ఆడటం లేదు. వెనక్కి వాలితే ఇంకా అందదు కాబట్టి ముందుకు వంగి, రెండు చేతులూ డ్యాష్‌బోర్డుకు ఆనించి కూర్చుంది. మాట మధ్యలో ఆగి, గాలి పీల్చుకుని, మళ్లీ అందుకుంటోంది. ఆసుపత్రిలో మాది పొద్దుటి పూట. ఆలస్యమైతే ఆ మంచం మీదికి ఇంకొకరు వచ్చేస్తారు, మేం మధ్యాహ్నం దాకా కాచుకోవాలి. అంతసేపు ఆమె తట్టుకోగలదా అన్నదే నా భయం.

మా ఆయనకు ఫోన్ చేశాను. "కరెంట్ పోయిందేమో. ఫికర్ జెయ్యకు. ఉప్పల్ కాడ ఛార్జింగ్ స్టేషన్ మన తొవ్వలనే ఉంది గదా, పావుగంట పెడితే మస్తు" అన్నాడు. ఆయనకేం, చెప్పడం ఎంతసేపు?

ఉప్పల్ స్టేషన్ అంటే రోడ్డు పక్క ఖాళీ జాగాలో రెండు మిషన్లు, పైన ఒక రేకు. మనిషి లేడు. మిషన్ వైరు కొసన ఉన్న గన్ను తీసి బండికి పెట్టాను. ఎర్ర దీపం. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ ఎర్ర దీపం. రెండో మిషన్ దగ్గరికి బండి జరిపి చూశాను. అక్కడా అంతే. అప్పుడు వంగి, ఫోను లైటు వేసి, బండికి ఛార్జింగ్ పెట్టే ఆ గుంతలోకి చూశాను.

లోపల పసుపు, దాని మీద కుంకుమ. మెత్తగా తడిపి, గుండ్రంగా, ఎంతో శ్రద్ధగా పెట్టిన బొట్టు. అదంతా కారి, పిన్నుల సందుల్లోకి దిగి, గట్టిగా ఎండిపోయి ఉంది.

ఎవరి పనో అడగాల్సిన అవసరం లేదు. శనివారం షోరూమ్ మనిషి ఆ మూత ఎట్లా తెరవాలో చూపిస్తుంటే, "ఓహో, దీని నోరు గీడుందా?" అని అడిగింది అత్తమ్మ ఒక్కతే. కోపం నా నెత్తికెక్కింది. పెట్రోల్ బండి మూతకు బొట్టు పెట్టినా దాని పని అది చేసుకుపోతుంది. దీని సంగతి వేరని ఆమెకు ఎవరు చెప్పాలి? పాత బండే ఉంటే ఈపాటికి బంకులో సీసాడు పెట్రోల్ తెచ్చి పోసేదాన్ని. కరెంటు ఏ సీసాలో తెస్తాం?

చున్నీ కొసతో తుడిచాను. పైపైన వచ్చింది గానీ లోపలిది ఊడలేదు. మళ్లీ ఎర్ర దీపమే.

"ఏమైంది బిడ్డా?" కిటికీలోంచి అడిగింది అత్తమ్మ.

ఊపిరి లేని మనిషితో ఏం కొట్లాడతాం! "మిషన్ ఖరాబైంది అత్తమ్మా" అన్నాను.

క్యాబ్ బుక్ చేశాను. ఒకతను ఒప్పుకొని, ఎక్కడికో అడిగి, రద్దు చేశాడు. ఇంకొకతను అడగకుండానే రద్దు చేశాడు. ఆటో ఆపి, ఆమె వైపు తలుపు తెరిచాను. ఆమె డ్యాష్‌బోర్డు వదల్లేదు.

"నేను దిగ. ఆటో ఎగిరేస్తే... నా పాణం ఆన్నే పోతది. నా కొడుకు నా కోసం కొన్నడు... దీంట్లనే పోత."

"ఇది నడుమ ఆగిపోతే?"

"ఆగినప్పుడు జూద్దాం తియ్."

అంకె ఆరు చూపిస్తోంది. ఏసీ ఆపేసి, అద్దాలు దించి, రోడ్డెక్కాను.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు రింగ్ రోడ్డు దగ్గర మొత్తం ఆగిపోయి ఉంది. మెట్రో స్తంభాల కింద బస్సులు, లారీలు, ఆటోలు ఒకదాని ముక్కు ఇంకొకదానిలో దూర్చి హారన్లు కొడుతున్నాయి. పొగంతా లోపలికి వస్తోంది. పెట్రోల్ వాసన రాదని కొన్న బండిలో కూర్చుని ఊళ్లోవాళ్లందరి పెట్రోల్ వాసనా పీలుస్తున్నాం. నా కళ్లు రోడ్డు మీద లేవు, అంకె మీద ఉన్నాయి. అంతసేపు నిలబడినా అది కదల్లేదు. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, ఈ బండి నిలబడితే ఏమీ తినదని. కాస్త ధైర్యం వచ్చింది. కానీ నిలబడితే అత్తమ్మ ఊపిరి తగ్గుతోంది. బండిని చూస్తే ఆగడమే మంచిది, ఆమెను చూస్తే ఉరకాలి. ఏది చూసుకోవాలి నేను?

అత్తమ్మ కూడా ఆ అంకె వైపే చూస్తోంది.

"ఎవలది ముందుగాల అయిపోతదో... దీనిదా, నాదా?"

"నోరు మూస్కో అత్తమ్మా!" అని అరిచాను. పెళ్లయినప్పటి నుంచి ఆమెను ఒక్క మాట అనలేదు నేను. ఆమె నవ్వబోయింది, దగ్గు వచ్చింది.

నాగోలు వైపు తిరిగేసరికి అంకె నాలుగైంది, తెర మీద తాబేలు బొమ్మ వచ్చింది. ఎంత తొక్కినా బండి ఇక వేగం అందుకోదు. వెనక బైకు మీద ఒకతను పక్కకు వచ్చి, "ఆంటీ, నడుపొస్తదా?" అన్నాడు. "రాదు, నువ్వొచ్చి నడుపు!" అన్నాను. అత్తమ్మ పెదవులు నల్లబడుతున్నాయి. మూసీ మీది వంతెన ఎక్కేటప్పుడు మూడయింది. దిగేటప్పుడు మాత్రం అంకె ఇంక పడలేదు. నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను, తెలియనివాళ్లను కూడా.

ఆసుపత్రి ర్యాంపు మీదికి బండి నత్తనడక నడిచి ఎక్కింది. చక్రాల కుర్చీ తెమ్మని కిటికీలోంచే కేక పెట్టాను. లోపల మా మంచం మీద కొత్త దుప్పటి పరిచి, ఇంకొకాయన్ని పిలవబోతున్నారు. నర్సమ్మ అత్తమ్మ ముఖం చూసింది, ఆయన వైపు చూసింది. ఆయన తనంతట తనే వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. ముందు ఆక్సిజన్ పెట్టారు, తర్వాత సూదులు గుచ్చారు. మిషన్ తిరగడం మొదలైంది.

చాలాసేపటికి ఆమె తల దిండుకు ఆనించగలిగింది. మాటకూ మాటకూ మధ్య ఎడం తగ్గింది. నాకు భయం తీరేకొద్దీ కోపం తిరిగొస్తోంది. ఈసారి వదలకూడదనుకున్నాను. ఎట్లా మొదలుపెట్టాలా అని చూస్తుంటే ఆమే నా చున్నీ కొస పట్టుకుంది. అక్కడ ఎర్రగా అంటుకుని ఉంది.

"నేను వెట్టిన బొట్టుతోనే ఆగిందా బిడ్డా?"

అవునన్నాను. "అంతమందిమి బొట్లు పెట్టినం గదా అత్తమ్మా. బానెట్‌కు పెట్టినం, స్టీరింగ్‌కు పెట్టినం, చక్రాలకు పెట్టినం. నువ్వు పోయిపోయి దాని నోట్ల ఎందుకు పెట్టినవు?"

"మీరందరు చెప్పుల కాడికి పోయినంక పెట్టిన. కొబ్బరినీళ్లల్ల తడిపి పెట్టిన, రాలొద్దని. అందరికి కనవడే కాడ నేను పెట్టొద్దు గదా బిడ్డా. మూత ఏస్తే కనవడదని ఆడ పెట్టిన. నా కొడుకు నా కోసం కొన్నడు. నా చేతి బొట్టు ఒక్కటన్న ఉండాలె గదా."

మా మామ పోయినప్పటి నుంచి ఆమె ఏ శుభకార్యంలోనూ బొట్టు పెట్టలేదు. గుట్ట దగ్గర పూజ మొదలవగానే మా ఆడబిడ్డ "అమ్మా, నువ్వు జర అవతల నిలవడు" అంది. ఆమె వెళ్లి ఎండలో నిలబడింది. కుంకుమ పళ్లెం నా చేతిలోనే ఉంది. ఎవరికీ అందులో వింత కనపడలేదు.

అంతసేపూ కూడబెట్టుకున్న కోపం ఆమె మీద నిలవలేదు. పోలేదు కూడా. ఎవరి మీదికి మళ్లించాలో తెలియక ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని, సూది లేని ఆ చేతిని పట్టుకున్నాను.

"మెకానిక్ వచ్చి దాని నోరు కడిగినంక మళ్ల పెడదాం. ఈసారి బానెట్ మీద, నట్టనడుమ. నువ్వే పెట్టాలె."

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఎవలన్న సూస్తే?"

"సూడనీ" అన్నాను. "బొట్టు పెట్టేది సూసేటందుకే గదా అత్తమ్మా."