బిట్టర్ స్ప్రింగ్స్‌లో మూడో మునక

మూడో మునకలో ఎవరో నా ఎడమచేతి చిటికెన వేలు పట్టుకున్నారు.

ఉదయం తొమ్మిది గంటల వేళ. గోరువెచ్చని నీళ్ళు, అడుగున ఇసుక కనిపించేంత తేట. లేచి చూస్తే పక్కన ఎవరూ లేరు. నాచు చుట్టుకుందేమోనని తడిమి చూశాను. నాచూ లేదు.

దయ్యాల కబుర్లు నేనెప్పుడూ నమ్మలేదు. బెజవాడలో ఇరవై ఏళ్ళు పత్రిక డెస్కులో కూర్చుని, అలాంటి వార్తలొస్తే "చూసినవాళ్ళెవరు?" అని తిప్పి పంపినవాణ్ణి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేముండేది మెల్‌బోర్న్ శివార్లలో, క్లైడ్ నార్త్‌లో. మా అమ్మాయి ప్రసన్న నర్సు. ఎక్కడో ఉత్తరాన, క్యాథరిన్ అనే ఊళ్ళో ఉద్యోగం. పదకొండు నెలల క్రితం నా భార్య సుభద్ర గుండె ఆగి ఉన్నట్టుండి పోయింది. ప్రసన్న విమానం దిగేసరికి అంతా అయిపోయింది. ఎందరో రోగుల పక్కన చివరిదాకా కూర్చున్న పిల్ల, తల్లి పక్కన కూర్చోలేకపోయింది. అప్పట్నుంచి ఏడవలేదు. అమ్మ అన్న మాటే ఎత్తలేదు. నేనెత్తితే లేచి వెళ్ళిపోయేది. ఒక్కసారైనా ఆ మాట అంటుందేమోనని నేనే క్యాథరిన్ వెళ్ళాను.

ఆదివారం నన్ను ఎల్సీ నేషనల్ పార్కులోని బిట్టర్ స్ప్రింగ్స్‌కి తీసుకెళ్ళింది. తాటిజాతి చెట్ల మధ్య వేడినీటి ఊటలు, సన్నటి ప్రవాహం. నూడుల్ అనే పొడుగాటి స్పాంజి కడ్డీ చంకల కింద పెట్టుకుని అందరూ తేలుతూ పోతుంటారు.

మెట్ల దగ్గర నేను ముక్కు మూసుకోవడం చూసి ప్రసన్న నవ్వింది.

"నాన్నా, ఇది పుష్కర ఘాట్ కాదు. జస్ట్ ఫ్లోట్!"

"నువ్వు పద, మునిగి వస్తా."

"మునిగిపోతే నాకు చెప్పకు, ఐ యామ్ ఆఫ్ డ్యూటీ" అని, కళ్ళు మూసుకుని తేలుతూ వెళ్ళిపోయింది.

నదీస్నానానికి వెళితే, రాలేకపోయినవాళ్ళ పేరున కూడా ఒక మునక వెయ్యడం మనకు అలవాటు. మొదటిది నాకు. రెండోది, మోకాళ్ళ నొప్పులతో గుడివాడ దాటని మా అక్క పేరున. మూడోది సుభద్ర పేరున వేసేశాను. అది బతికున్నవాళ్ళకి వేసే మునక. ఆమె లేదన్న సంగతి ఆ క్షణం నిజంగానే మర్చిపోయాను.

సుభద్రకి నీళ్ళంటే భయం. సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు కృష్ణలో దిగాలంటే ఒక పక్క నా చిటికెన వేలు, మరో పక్క ప్రసన్న చిటికెన వేలు పట్టుకునేది. గోరు దిగేంత గట్టిగా. ఆ పట్టు నాకు తెలుసు.

లేచి చూసేసరికి ప్రసన్న దిగువన, మలుపు దగ్గర ఉంది. కళ్ళింకా మూసుకునే ఉంది. మెల్లగా తేలుతూ దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ చప్పుడికి కళ్ళు తెరిచి, తన కుడిచేయి చూసుకుంది.

"వేలెందుకు వదిలేశావు నాన్నా? అచ్చం అమ్మలాగే పట్టుకున్నావు."

అంటూనే నూడుల్ మీద తల వాల్చి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. తిరిగి ఇల్లు చేరేదాకా కారులో అమ్మ కబుర్లే.

తప్పు కనిపిస్తే దిద్దడం నా వృత్తి. ఆ ఒక్కటీ దిద్దలేదు. ప్రసన్నకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కాబట్టే ఇక్కడ రాయగలుగుతున్నాను. తన వేలు పట్టుకున్నది నేను కాదు. మూడో మునక నుంచి నేను లేచినప్పుడు మా ఇద్దరి మధ్య ముప్పై అడుగుల నీళ్ళున్నాయి.