వదిన సాక్ష్యం చెప్పేసింది

అన్నయ్యకి కరోనా నెగెటివ్ వచ్చిందని నిన్న సాయంత్రం తెనాలి ఆసుపత్రి నుంచి నేనే వదినకి ఫోన్ చేశాను. ఇంకా ఐసీయూలో వెంటిలేటర్ మీదే ఉన్నాడని కూడా చెప్పాను. ఆవిడకి మొదటి మాటే వినపడినట్టుంది. చర్చి మూసేశాక మా నగరం ఊరి సంఘానికి ఆరాధన ఫోన్లోనే. ఈ పొద్దున అందులో "దేవుడు మా ఆయన్ని స్వస్థపరిచాడు" అని ఏడుస్తూ సాక్ష్యం చెప్పేసింది.

మధ్యాహ్నం డాక్టరు గారు నన్ను పిలిచారు.

"రక్తంలోకి ఇన్ఫెక్షన్ వెళ్లిందమ్మా. బీపీ పడిపోతోంది. మందులకి లొంగట్లేదు. ఈ రాత్రి గడవడం కష్టం."

"కరోనా పోయిందన్నారు కదండీ. మరి ఇదెక్కడ అంటుకుందండి?"

"ఇక్కడేనమ్మా. మెడ దగ్గర మందులెక్కించే గొట్టం నుంచి. ఒక్కో నర్సుకి అన్నేసి మంచాలు. చేతులు కడుక్కునే తీరిక కూడా ఉండట్లేదు."

గట్టిగా అడుగుదామనుకున్నాను. కానీ ఆ గొట్టం లేకపోతే అన్నయ్య పోయినవారమే పోయేవాడు. ఇంక ఎవర్ని తిట్టను?

సంఘం గ్రూపులో ఇప్పటికీ "స్తోత్రం" అని మెసేజీలు వస్తూనే ఉన్నాయి. వదిన ఒక్కొక్కరికీ దణ్ణం బొమ్మ పెడుతోంది. నేను టైపు చేస్తున్నాను, చెరిపేస్తున్నాను.

సాక్ష్యం ఎలా చెప్పాలో మాకు సండే స్కూల్లోనే నేర్పారు. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరూ నేర్పలేదు. మీలో ఎవరికైనా తెలిస్తే కింద రాయండి. కాస్త రాత్రిలోపే రాయండి.