విస్తిన్ దించిన గుమ్మటం

మాల్టాలో ఎన్నో ఊళ్ల చర్చిలకు గుమ్మటాలు కట్టి పేరుపొందిన విస్తిన్ బుసుత్తిల్, దారిలో గోడ కనబడితే చాలు ఆగిపోయేవాడు. వేలి కణుపులతో రాయిని తట్టి, చెవి ఆనించి విన్నాక గాని కదిలేవాడు కాదు. ఎంత మంచి కోటు వేసుకున్నా భుజాల మీద పసుపు రాతిపొడి ఉండాల్సిందే. మధ్యాహ్నం మేస్త్రీల పక్కనే కూర్చుని నూనెలో ముంచిన రొట్టె, ఆలివ్ కాయలు తినేవాడు. మాట తక్కువ. ఎవరైనా పొగిడితే ఇంకా తక్కువ.

ముసలితనంలో ఒక ఊరి చర్చికి కట్టిన గుమ్మటం మాత్రం పక్క ఊరిదానికంటే ఎత్తుండాలని ఊరంతా పట్టుబట్టింది. ఆ ఎత్తు మీద ఆయనకూ మోజే; ప్రార్థనలో కూడా కళ్లు పైకే పోయేవి. తీరా పండుగ దగ్గరపడ్డాక ఒక స్తంభంలో వెంట్రుకంత బీట కనిపించింది. దాన్ని చాలాసేపు తడిమి, "గుమ్మటం దించేయండి" అన్నాడు. ఆ చర్చి ఫాదర్ నార్దు ముఖం పాలిపోయింది. "పక్క ఊరివాళ్లు మనల్ని బతకనిస్తారా? మీ లెక్క తప్పదనే కదా మిమ్మల్ని పిలిచింది." "తప్పింది ఫాదర్. ఎత్తు మీద ఆశతో స్తంభాలు సన్నగా పెట్టాను." "ఆ మాట బయట అనకండి. రాయి మంచిది కాదని చెబుదాం." "రాయిని ఏరింది నేనే. దాన్నెందుకు ఆడిపోసుకోవడం?" ఆదివారం పూజ అయ్యాక ఆయనే గుమ్మం దగ్గర నిలబడి, తప్పు తనదేనని అందరికీ చెప్పాడు. "ముసలాడికి చేతకాకుండా పోయిందిరా" అని ఎవరో వినబడేటట్టే అన్నారు. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆ ఏడు పండుగ, గుమ్మటం దించేసిన చోట కట్టిన తెరచాప గుడ్డ కింద జరిగింది. గాలికి గుడ్డ లేచినప్పుడల్లా జనం పైకి చూసి గొణుక్కున్నారు. విస్తిన్ చివరి వరసలో మోకరిల్లి, ఆ గుమ్మటం పని మొదలుపెట్టాక మొదటిసారి, పైకి చూడకుండా ప్రార్థన చేసుకున్నాడు.