నాలుగు సాళ్ల పచ్చజొన్న

వదిన ఫోన్ చేసినప్పుడు నేను చిక్కడపల్లిలో లైబ్రరీ కుర్చీ కోసం ఒకమ్మాయితో గొడవ పడుతున్నాను. "పొద్దుగాలనే బ్యాగు పెట్టి పోయిన" అని ఆమె, "బ్యాగు రాస్తదా పరీక్ష?" అని నేను. కుర్చీ వదులుకుని మెట్ల మీదికి వచ్చి ఫోనెత్తాను.

"జర పది రోజులు ఊరికొస్తవా? పిట్టల కావలికి మనిషి దొరుకుతలేడు" అంది వదిన.

మాది పాలమూరు దిక్కు పల్లె. అన్న కూడా ఇక్కడే పట్నంలో, అడిక్‌మెట్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు, ఎకరం చేను వదినే చూసుకుంటుంది. అమ్మ పోయేముందు ఆమె చేతిలో పెట్టిన పచ్చజొన్నను ఏటా విత్తి, ఏటా మంచి కంకులు ఏరి విత్తనానికి దాస్తుంది. ఆ రకం ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. అందరూ పత్తికి మారారు.

"అందరి చేన్లల్ల జొన్న ఉన్నప్పుడు పిట్టలు తలా ఇంత తినిపోతుండె. ఇప్పుడు ఊరి పిట్టలన్నీ నా ఒక్కదాని చేను మీదనే పడ్తున్నయి. తిననీ, కాదంటలేను. విత్తనానికి నాలుగు సాళ్లు మిగిలితే చాలు."

సర్కారు ఉద్యోగం పరీక్ష ఇంక ఇరవై రోజులే. నాకది మూడోసారి. రాలేనన్నాను. స్లాబ్ పడేదాకా అన్నను మేస్త్రీ కదలనివ్వడు. ఊరికే ఉండలేక నారాయణగూడలో పావురాల వల కొని బస్సులో పార్సిల్ వేశాను. అశోక్ నగర్‌లో మా హాస్టల్ చుట్టూ ప్రతి బాల్కనీకీ అదే కడతారు. నాలుగు సాళ్ల మీద కప్పమని చెప్పి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు కూడా తిన్నాను.

మూడో రోజు పొద్దున వదిన మళ్లీ ఫోన్ చేసింది. వలలో రెండు చిలుకలు, నాలుగైదు పిచ్చుకలు చిక్కుకున్నాయట. చిలుకలు అప్పటికే చచ్చిపోయాయి. పిచ్చుకల కాళ్లకు బిగుసుకున్న దారం ఎంతకీ ఊడకపోతే కొడవలితో వలంతా కోసేసింది.

"జీవాలను జంపి విత్తనం దాస్తనా?" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

బాల్కనీకి వలను బిగించి కడతారు. కంకుల మీద వదులుగా కప్పితే ఉరి అవుతుందని నాకు తోచలేదు. రైతు ఇంట్లో పుట్టిన దాన్ని.

ఇంత చేస్తే పరీక్ష వాయిదా పడింది. ఆ కబురు తెలిసిన పూటే బస్సెక్కాను. నేను చేరేసరికి పిట్టలు ఆ నాలుగు సాళ్లు కూడా ఊడ్చేశాయి. వదిన, నేను ఎండలో సాలు సాలూ తిరిగి కంకులు నలిపి చూశాం. పిడికెడు తాలు గింజలు తప్ప విత్తనానికి పనికొచ్చే గింజ ఒక్కటీ దొరకలేదు. వదిన వాటిని అరచేతిలో పోసుకుని ఊది, అక్కడే పారబోసింది. నాకు కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

వదిన కొంగుతో నా ముఖం తుడిచింది. "పరేషాన్ గాకు. వచ్చే ఏడు మనం గూడ పత్తే పెడ్దం. కావలి బాధే ఉండది. పత్తి చేన్ల పిట్టలకేం పని?"

నన్ను ఓదార్చడానికే ఆ మాట అంది. నాకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.