తీసిన చీటీ మళ్లీ డబ్బాలోకి

కరోనా సద్దుమణిగిన ఏడాది నన్ను నాంపల్లిలో ఒక దవాఖానకు జన్యు సలహా విభాగాధిపతిగా వేశారు. విభాగమంటే మెట్ల కింద ఒక గది. అధిపతి కింద పనిచేసేవాళ్లెవరూ లేరు. తలసేమియా పిల్లలున్న దంపతులకు, పుట్టబోయే బిడ్డ విషయంలో సలహా చెప్పడం నా పని.

యాదగిరి సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం సేల్స్‌మన్. భార్య సుజాతకు మూడో నెల. పెద్దపిల్లకు తలసేమియా, నెలనెలా రక్తం ఎక్కించాలి. కడుపులో బిడ్డ సంగతి తెలియాలంటే మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి. నలుగురిలో ఒకరికి రావచ్చని మా వృత్తిలో అందరూ చెప్పే మాటే చెప్పాను. యాదగిరి పరీక్ష వద్దన్నాడు.

"ఆ ఒక్కరు మా పెద్దపిల్లనే గద సార్. ఇగ ముగ్గురికి ఫికర్ లేదు. మా దుకాణం చిట్టీల గూడ గంతే. ఒకసారి పేరు లేస్తే ఆ చీటీ చించేస్తరు, మళ్ల డబ్బాల ఎయ్యరు."

విడమరిచి చెప్పాను. భార్యాభర్తలిద్దరిలోనూ ఈ జబ్బుకు కారణమైన జన్యువు జంటగా ఉంది: ఒకటి మంచిది, ఒకటి చెడినది. అండం, శుక్రకణం తయారయ్యే విభజనను మియోసిస్ అంటాం. అందులో జంట విడిపోయి ఒక్కో కణానికి ఒక్కటే వెళుతుంది. ఏది వెళ్లాలో ఎవరూ నిర్ణయించరు, కిందటిసారి ఏది వెళ్లిందన్న లెక్క ఉండదు. రెండువైపులా చెడినదే వస్తే జబ్బు. ఈ డబ్బాలో తీసిన చీటీ మళ్లీ వేస్తారన్నాను.

నా మాటతో అతను అక్కడికక్కడే ఒప్పుకున్నాడని తోటివాళ్లకు చాలాకాలం చెప్పుకున్నాను. ఒప్పుకోలేదు. "గట్లెట్ల సార్, గది అన్యాలం గద" అన్నాడు. ఒప్పించింది సుజాత.

"నరం దొరకకపోతే పిల్ల చెయ్యి ఒత్తిపట్టేది నేను. నువ్వు బయట చాయ్ తాగుతవు. నీ చిట్టీ ముచ్చట మీ సేటుకు చెప్పుకో. సార్, సంతకం యాడ పెట్టాలె?"

రిపోర్టులో రెండు జన్యువులూ చెడినవే. వాళ్లు గర్భం ఉంచుకోలేదు. సుజాతను ఇంటికి పంపే రోజు యాదగిరి మొజంజాహీ మార్కెట్ నుంచి దానిమ్మపండ్లు తెచ్చి, నా గదిలోకి వచ్చాడు. కూర్చోలేదు.

"ఇప్పుడన్న మా చీటీ చించేసిన్రా సార్?"

లేదన్నాను. వెళ్లిపోయాడు. పండ్ల సంచి నా బల్ల మీదే మరిచిపోయాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నలుగురిలో ఒకరికని నేనెవరికీ చెప్పలేదు. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు, మళ్లీ మొదటి నుంచి అనే చెప్పాను. లెక్క రెండింటిలోనూ ఒకటే. మొదటి మాటలో మాత్రం, వినేవాడికి ముగ్గురు పిల్లలు క్షేమంగా కనిపిస్తారు.