రెండు కిడ్నీల నియమం

అక్క పోయాక, ఆమె ఏం పని చేసేదని చాలామంది అడిగారు. ఆసుపత్రిలో అంటే నర్సనుకున్నారు, కంప్యూటర్ ముందు అంటే బిల్లులనుకున్నారు. అక్క రాసేది నిర్వచనాలు. కవాటం గుండెలో భాగం. న్యుమోనియా ఊపిరితిత్తుల జబ్బుల్లో ఒక రకం. ఇలాంటి వాక్యాలను వేలకొద్దీ, ఒకదానితో ఒకటి పొసగేలా అల్లి పెడితే, వాటి మీద తర్కించే ప్రోగ్రామ్ మనం రాయని సంగతులను కూడా తేల్చి చెబుతుంది. ఆ అల్లికను ఆంటాలజీ అంటారు. ఈ రోగికి ఈ మందు పడదని వైద్యులను ముందే హెచ్చరించడానికి ఆసుపత్రివాళ్లు దాన్ని తయారు చేయిస్తున్నారు.

రకమా, భాగమా అన్న ప్రశ్న ఆమెను ఇంట్లో కూడా వదిలేది కాదు. "ఇంతకీ నేను నీకో రకం మొగుణ్ణా, లేక ఈ ఇంటి సామాన్లలో భాగాన్నా?" అనేవాడు బావ. ఇంకా తేల్చలేదనేది అక్క. కూరలో ఉప్పు మరిచిపోయిన రోజున, నిర్వచనంలో ఉప్పు తప్పనిసరని ఎక్కడా రాయలేదని ఆమె వాదిస్తే, బావ లేచి ఉప్పు డబ్బా తెచ్చుకున్నాడు.

ఆమె గది ఎక్స్‌రే విభాగం వెనక ఉండేది. కిటికీ తెరిస్తే ఏసీ యంత్రాల వెనక భాగాలు తప్ప ఏమీ కనిపించవు. క్యాన్సర్ ముదిరాక కూడా, మందు ఎక్కించుకున్న మర్నాడు ఒక్కరోజు పడుకుని, ఆ పై రోజు తలకు గుడ్డ చుట్టుకుని అక్కడికే వెళ్లేది. ఆ ప్రోగ్రామ్ నడవడం కళ్లారా చూడాలని ఆమె కోరిక. ఆ సంగతి మాకూ తెలుసు, ఆ గదిలో ఆమెతో పనిచేసేవాళ్లకూ తెలుసు. వైద్యులు ఆమెకు ఎంత గడువు చెప్పారో కూడా తెలుసు.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉండేది. నియమాలతో పొసగని రోగి వివరం ఒక్కటి చేరినా మొత్తం తర్కం పాడవుతుంది. పరస్పర విరుద్ధమైన రెండు మాటలను ఒప్పుకున్నాక, ఏ అబద్ధాన్నయినా నిజమని నిరూపించవచ్చు. అందుకని అలాంటివాటిని పక్కకు తీసేసి మిగతావాటిని నడిపేవారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు బెంచీ ఎక్కించడం. అక్కడికి చేరేవన్నీ టైపు తప్పులేనని అందరి నమ్మకం. మగవాడికి గర్భం, తొంభై ఏళ్ల పసిబిడ్డ, అలాంటివి.

ప్రోగ్రామ్ ప్రారంభానికి వారం ముందు అక్క ఆ బెంచీ మీదివాళ్లను ఒక్కొక్కరినే తెరిచి చూసింది. ఆ సాయంత్రం ఇంటికి తీసుకురావడానికి నేను వెళ్లాను. కారు ఎక్కాక చెప్పింది.

"బెంచీ మీద ఒకావిడ ఉంది, తన తమ్ముడికి కిడ్నీ ఇచ్చిందిరా" అంది. "నా రాతల ప్రకారం ఆవిడ మనిషే కాదు."

ప్రతి మనిషికీ రెండు కిడ్నీలుంటాయని, పని మొదలైన కొత్తలో, శరీర శాస్త్రం పుస్తకం చూసి రాసింది అక్కే. ఒక కిడ్నీతో పుట్టినవాళ్లు, ఒకటి తీయించుకున్నవాళ్లు, అందరూ బెంచీ ఎక్కారు. బెంచీ మీదివాళ్ల విషయంలో వైద్యులకు హెచ్చరికలు రావు. మామూలు నొప్పి మాత్రతో కూడా జాగ్రత్తగా ఉండాల్సింది వాళ్లే.

మర్నాడు విభాగాధిపతి, కిడ్నీలకు ఒక మినహాయింపు రాసి అనుకున్న రోజే మొదలుపెడదామన్నారట. కిడ్నీతో ఆగదని అక్క చెప్పింది. ఊపిరితిత్తి, గర్భసంచి, వేళ్లు, అన్నిటిలోనూ అదే తప్పుంది. పుస్తకంలోని శరీరాన్ని, బతికున్న మనుషులను విడదీసి, ఏ అవయవం ఎన్ని అన్న లెక్క చెప్పే నియమాలన్నీ తిరగరాయాలి. నెలలు పడుతుంది. ఆ నెలలు ఆమె దగ్గర లేవని ఆయనకు తెలుసు.

"మేడమ్, మీరు చూడాలనే కదా మా తాపత్రయం" అన్నారాయన.

"నేను చూడ్డం కోసం వాళ్లని బెంచీ మీద నిలబెడదామా సార్?"

ప్రారంభం వాయిదా పడింది. బావ ఆ రాత్రి అన్నం తినలేదు. పరాయివాళ్ల మీదున్న జాలి తన మీద తనకు ఉండొద్దా అని నా దగ్గర కోప్పడ్డాడు. మర్నాటి నుంచి మాత్రం తనే ఆమెను ఆసుపత్రి మెట్లు ఎక్కించి దించాడు. మెడ, భుజాల నుంచి మొదలుపెట్టి కిందికి తిరగరాస్తూ వచ్చారు. నడుము దాకా వచ్చేసరికి అక్క మంచం పట్టింది. మిగతాది గదిలో వాళ్లు పూర్తి చేశారు. అప్పటికి ఆమె లేదు.

ఆ ప్రోగ్రామ్ మొదలైన రోజు మాకెవరూ చెప్పలేదు. కొన్నాళ్లకు బావ మోకాలి నొప్పితో ఆ ఆసుపత్రికే వెళ్లాడు. ఆయనకు బీపీ ఉంది. డాక్టరమ్మ ఒక మాత్ర పేరు కొట్టి, తెర మీది హెచ్చరిక చూసి ఆగిందట. అది చెరిపేసి మరొకటి రాసింది. ఎందుకు మార్చారని ఆయన అడగలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నాకు ఫోన్ చేశాడు.

"నడుస్తోందిరా" అన్నాడు.